సియోల్‌లో స్నేహితురాలి పెళ్ళికి వెళ్తుంటే ఏం తీసుకెళ్ళాలి, అక్కడ ఎలా ఉండాలి?

మీ స్నేహితురాలు కొరియా అబ్బాయిని సియోల్‌లో పెళ్ళి చేసుకుంటోందనీ, ఏం ఇవ్వాలో, ఏం కట్టుకోవాలో తెలియడం లేదనీ అడిగారు. నాతో ఇంజినీరింగ్ చదివిన అమ్మాయి కూడా అక్కడి అబ్బాయినే చేసుకుంది. ఆ పెళ్ళి చూసొచ్చాక నేను చెప్పగలిగింది ఇదీ: బహుమతి సంగతి తర్వాత. మీరు అతిథిగా కాదు, పెళ్ళికూతురి తరఫు మనిషిగా వెళ్ళండి.

ఎందుకంటే కొరియా వెడ్డింగ్ హాల్లో ద్వారం దగ్గరే రెండు వైపుల వాళ్ళకూ వేరువేరు బల్లలు ఉంటాయి. లోపల కుర్చీలు కూడా నడవకి అటొక వైపు, ఇటొక వైపు. పెళ్ళయ్యాక బంధువులతో ఒక ఫొటో, స్నేహితులతో ఒక ఫొటో తీస్తారు. ఎవరి తరఫున ఎంతమంది వచ్చారో ఇట్టే తెలిసిపోతుంది. దీనికి అక్కడ ఎంత పట్టింపంటే, డబ్బు తీసుకుని అతిథులను పంపే ఏజెన్సీలు కూడా ఉన్నాయి. మన అమ్మాయికేమో వీసా దొరికి, అంత టికెట్టు పెట్టుకుని రాగలిగే చుట్టాలు ఎంతమంది? నా స్నేహితురాలి పెళ్ళిలో కాలేజీ వాళ్ళం, ఆమె ఆఫీసు వాళ్ళు, అక్కడ చదువుకుంటున్న తెలుగు పిల్లలు కలిసి ఆ వరుసల్లో కూర్చున్నాం. వాళ్ళ నాన్నగారు ఒకసారి వెనక్కి తిరిగి చూసి, ఇక స్థిమితంగా కూర్చున్నారు.

ఇక ఇచ్చేది. అక్కడ వస్తువులు కాదు, తెల్ల కవర్లో డబ్బు ఇస్తారు. చుగిగుమ్ అంటారు. అచ్చం మన చదివింపులే: ఎవరెంత ఇచ్చారో రాసి పెట్టుకుంటారు, రేపు వాళ్ళింట్లో పెళ్ళయితే తిరిగి ఇస్తారు. సంఖ్య వాళ్ళ కరెన్సీ వాన్లలో ముప్పై వేలు, యాభై వేలు, డెబ్బై వేలు అన్నట్టు బేసిగా మొదలవ్వాలి. లక్ష వాన్లకు మాత్రం అభ్యంతరం లేదు. దగ్గరి స్నేహితులు కాబట్టి మీరు లక్ష ఇస్తే బావుంటుంది, మన డబ్బుల్లో ఆరు వేల పైచిలుకు. నూటపదహార్ల లెక్క అక్కడ వద్దు, కొత్త నోట్లు పెట్టండి. కవరు వెనక మీ పేరు రాసి, పెళ్ళికూతురి వైపు బల్ల దగ్గరే ఇవ్వండి. భోజనం టికెట్టు ఇస్తారు.

పట్టుచీర నిక్షేపంగా కట్టుకోవచ్చు. తెలుపు, మీగడ రంగు మాత్రం వద్దు. మనకు మధుపర్కాలు తెల్లనివే అయినా, అక్కడి హాల్లో తెలుపు పెళ్ళికూతురి ఒక్కదానిదే. ఆమె అమ్మగారికి ఒక మాట చెప్పండి: పెళ్ళి మొదట్లో తల్లులిద్దరూ కలిసి నడిచి వెళ్ళి కొవ్వొత్తులు వెలిగిస్తారు. మామూలుగా పెళ్ళికొడుకు తల్లి నీలం ఛాయ హన్‌బోక్ (కొరియా సంప్రదాయ దుస్తులు), పెళ్ళికూతురి తల్లి గులాబీ ఛాయది వేసుకుంటారు. నా స్నేహితురాలి అమ్మగారు, మా ఆంటీ, గులాబీ రంగు కంచిపట్టు కట్టుకున్నారు. భాష రాదని వారం నుంచీ బెంగపడిన మనిషి, వెలిగించేటప్పుడు మాత్రం చెయ్యి వణకలేదు.

హాల్లో తంతు అరగంట, నలభై నిమిషాల్లో అయిపోతుంది. తర్వాతి జంట బంధువులు అప్పటికే బయట చేరుతుంటారు. రెండు రోజుల పెళ్ళిళ్ళు చూసిన మనకు ఇది వెలితిగా అనిపించొచ్చు. కానీ అందులోనే చాలా పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకు అత్తమామల ముందు మోకరిల్లి నేల దాకా వంగి నమస్కరిస్తాడు. కన్యాదానంలో అల్లుడి కాళ్ళు కడగడానికి సిద్ధపడి పెరిగిన తండ్రికి ఆ క్షణం ఎలా ఉంటుందో ఆలోచించండి. అంకుల్ కూర్చోలేక లేచి నిలబడిపోయారు.

అసలైన సందడి ఆ తర్వాత, చిన్న గదిలో. దాన్ని పేబెక్ అంటారు. జంట హన్‌బోక్‌లు వేసుకుని పెద్దలకు సాష్టాంగంగా మొక్కి, వాళ్ళకు మద్యం పోసి ఇస్తారు. పెద్దలు దీవించి ఎండు జుజుబీ పళ్ళు, చెస్ట్‌నట్లు విసురుతారు. ఇద్దరూ ఒక గుడ్డ పరిచి పట్టుకుంటారు. ఎన్ని పడితే అంతమంది పిల్లలని నమ్మకం. ఆ జుజుబీ మన రేగుపండుకి దగ్గరి చుట్టమే, దాంతో మా వాళ్ళందరికీ ఒక్కసారిగా భోగిపళ్ళు గుర్తొచ్చాయి. ఒకప్పుడు పేబెక్ పెళ్ళికొడుకు వాళ్ళకే పరిమితం. ఇప్పుడు చాలామంది రెండు వైపుల తల్లిదండ్రులనూ కూర్చోబెడుతున్నారు, అలా చేయమని మీ స్నేహితురాలిని గట్టిగా అడగండి. కొందరు పేబెక్ మొత్తానికే మానేస్తున్నారు. నాకైతే పెళ్ళి మొత్తంలో వదులుకోకూడనిది అదొక్కటే అనిపించింది.

అక్కడే పెళ్ళికొడుకు తాతగారు ఒక మాట అన్నారు. వాళ్ళు గిమ్‌హే కిమ్ వంశస్థులు. వాళ్ళ మూలపురుషుడు సురో రాజు, క్రీ.శ. 48లో సముద్రం దాటి వచ్చిన అయుత దేశపు రాకుమారి హో హ్వాంగ్-ఓక్‌ను పెళ్ళాడాడని ఐతిహ్యం. ఆ అయుత మన అయోధ్యేనని చాలామంది అంటారు. 2001లో అయోధ్యలో ఆమెకు స్మారకం కూడా కట్టారు. చరిత్ర పరంగా ఎంతవరకు నిలుస్తుందో వేరే చర్చ. "మా ఇంటి మొదటి కోడలు మీ వైపు నుంచే వచ్చింది" అని ఆ పెద్దాయన అంటే, అనువదించి చెబుతున్న మా స్నేహితురాలి గొంతు పూడుకుపోయింది.

భోజనం సాధారణంగా బఫే. శాకాహారులైతే జాగ్రత్త: ఆయుష్షు పెరగాలని వడ్డించే నూడుల్స్ పులుసు సాధారణంగా ఎండు నెత్తళ్ళతో కాస్తారు, కిమ్చీలోనూ చేపలో రొయ్యలో కలుస్తాయి.

చివరగా, పెళ్ళికూతురి పక్కనే ఉండి ఆమె సంచీ, ఫోను, ఆమె చేతికిచ్చిన కవర్లు భద్రంగా చూసుకునే స్నేహితురాలు ఒకరు ఉంటారు, కబాంగ్‌సుని అంటారు. కొరియన్ రాకపోయినా చేయొచ్చు. ఆ పని ఇంకా ఎవరికీ అప్పగించకపోతే మీరు చేస్తానని ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. పెళ్ళికి గంట ముందే హాలుకి చేరుకోండి, ఆమె ముస్తాబై కూర్చునే గదిలో ఫొటోలు దిగేది అప్పుడే.