రొయ్యల ఫ్యాక్టరీలో చేరాక ఆయాసం: చలి వల్లేనా, ఉద్యోగం మానాలా?

మీ అక్కకు రొయ్యల ఫ్యాక్టరీలో చేరిన ఏడాదికి రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు మొదలయ్యాయని, ‘ఐసులో పని కదా, చలి పడలేదు’ అని అందరూ అంటున్నారని రాశారు. నేను విశాఖలోనే అలాంటి ఫ్యాక్టరీలో గ్రేడింగ్ సెక్షన్‌లో పనిచేసి ఇలాగే ఉబ్బసం తెచ్చుకున్నదాన్ని. అక్కడి డాక్టరు కూడా చలి అనే చెప్పి దగ్గు మందు ఇచ్చి పంపేవారు. దయచేసి ఆ మాటతో సరిపెట్టుకోకండి.

చలి ఆయాసాన్ని పెంచుతుంది, నిజమే. కానీ రొయ్యలో అలర్జీ తెచ్చే ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ ఉంది. ఉడికించినా దాని ఆ గుణం పోదు. పైపుతో బల్లలు కడిగేటప్పుడు లేచే సన్నని తుంపరలో, కుకింగ్ సెక్షన్ ఆవిరిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. నాకు మొదట కళ్లు మండేవి, ముక్కు కారేది, గ్లౌజు అంచు తగిలేచోట మణికట్టు చుట్టూ దద్దుర్లు లేచేవి. ఛాతీ పట్టేయడం నెలల తర్వాత మొదలైంది. రొయ్యలు నల్లబడకుండా వాడే మెటాబైసల్ఫైట్ నుంచి వెలువడే ఘాటు వాయువు కూడా ఉబ్బసాన్ని రేపుతుంది. అక్క ఏ సెక్షన్‌లో ఉందో డాక్టరుకు తప్పక చెప్పాలి.

సెలవుల్లో, పండక్కి ఊరు వెళ్లినప్పుడు తగ్గుతోందా? అడిగి చూడండి. ఊపిరి ఎంత వేగంగా వదలగలరో కొలిచే పీక్ ఫ్లో మీటర్ కొని రోజుకు నాలుగుసార్లు ఊది, పని రోజుల్లోనూ సెలవు రోజుల్లోనూ మూడు నాలుగు వారాలపాటు అంకెలు రాయించండి. పని మానేశాక ఈ తేడా పట్టుకోవడం కష్టం. అందుకే పరీక్షలు కాకముందే మానిపించవద్దంటున్నాను. మాట పూర్తిచేయలేనంత ఆయాసం వస్తే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

జబ్బు పని వల్లేనని తేలితే, రొయ్యల తుంపర, ఆవిరి తగలని చోటికి మార్చమని డాక్టరు చీటీతో రాతపూర్వకంగా అడగాలి. గుడ్డ మాస్కు దీన్ని ఆపదు. ఇన్‌హేలర్ పీలుస్తూ అదే బల్ల దగ్గర నిలబడితే జబ్బు ముదురుతుంది. ఎంత త్వరగా దూరమైతే కోలుకునే అవకాశం అంత ఎక్కువ. నేను ఆలస్యంగా బయటపడ్డాను, ఇప్పటికీ చేపల బజారులో నాకు దగ్గు వస్తుంది.

జీతంలో ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) కోత ఉందేమో చూడండి. ఉంటే మల్కాపురం ఈఎస్‌ఐ ఆస్పత్రిలో చూపించవచ్చు. అర్హత ఉంటే అనారోగ్య సెలవుకు ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం వస్తుంది. కాంట్రాక్టర్ ద్వారా చేరినవారికీ ఈఎస్‌ఐ వర్తిస్తుంది. ఈఎస్‌ఐ లేకపోతే విశాఖలోని ప్రభుత్వ ఆస్పత్రి కేజీహెచ్‌లో చూపించండి. జీతం చీటీలు, మందుల చీటీలు ఒక్కటీ పారేయవద్దు.