యుద్ధనౌక స్వదేశీదైతే ఇంజిన్ విదేశానిది ఎందుకు?

నౌకను డిజైన్ చేసి కట్టడం ఒక సామర్థ్యం, దాన్ని నడిపే గ్యాస్ టర్బైన్ ఇంజిన్ (వేడి వాయువులతో రెక్కలు తిప్పి శక్తినిచ్చేది) తయారీ పూర్తిగా వేరే సామర్థ్యం కాబట్టి. టర్బైన్ బ్లేడ్లు తమ లోహం కరిగేంతకన్నా వేడి వాయువుల్లో తిరగాలి. ప్రత్యేక మిశ్రలోహం, పోత, బ్లేడు లోపల చల్లగాలికి సన్నని దారులు, పైపూత, వీటిలో ఏది తప్పినా బ్లేడు నిలవదు. పైగా ఒక్క నౌకాదళం కొనే ఇంజిన్లు కొన్నే. ఫ్యాక్టరీ పెట్టుబడి తిరిగి రావడం కష్టం.

2022లో నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్‌నే చూడండి. డిజైన్ భారత్‌ది, కట్టింది కొచ్చిన్ షిప్‌యార్డ్. రష్యా ఉక్కు అందక ఇబ్బంది వస్తే రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్, ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ కలిసి డీఎంఆర్ 249ఏ అనే యుద్ధనౌక ఉక్కును సాధించాయి, అది చాలా పెద్ద విజయం. టర్బైన్లు మాత్రం అమెరికా డిజైన్ చేసిన నాలుగు ఎల్ఎం2500లు.

అంతమాత్రాన నౌక నిర్మాణం అంటే విడిభాగాల బిగింపే అనుకోవడం పొరపాటు. ఏ బరువు ఎక్కడుండాలి, దెబ్బతిని నీళ్లు చేరినా నౌక ఒరిగిపోకుండా ఎలా నిలబడాలి అన్న లెక్కలన్నీ డిజైనర్లే వేసుకోవాలి.