రూమ్మేట్ దగ్గితే చాలు, గుండె దడ.. ఇది లాంగ్ కోవిడా?

ప్రశ్న: నా వయసు 25. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. 2020 మార్చిలో ఇక్కడే డిగ్రీ చదువుతుండగా ఉన్నట్టుండి హాస్టల్ ఖాళీ చేయమన్నారు. సగం సామాను గదిలోనే వదిలేసి సూర్యాపేట దగ్గర మా ఊరికి వెళ్లిపోయాను. మరుసటి ఏడు మా మేనమామ కరోనాతో పోయారు. చివరిచూపు కూడా దక్కలేదు. ఇప్పుడు మా ఫ్లోర్‌లో నలుగురికి జ్వరం, దగ్గు. రాత్రి రూమ్మేట్ దగ్గితే చాలు, గుండె దడదడలాడుతుంది, చేతులు చల్లబడతాయి, ఊపిరి అందనట్టు ఉంటుంది. పావుగంటలో తగ్గిపోతుంది. ఆక్సీమీటర్‌లో ఆక్సిజన్ 97, 98 ఉంటోంది, ఒకసారి మాత్రం 91 చూపించింది. పోయిన నెల నాకే జ్వరం వస్తే ఎవరికీ చెప్పకుండా డోలో వేసుకుని ల్యాబ్‌కి వెళ్లాను. ఇది గుండె జబ్బా, లాంగ్ కోవిడా? ఇంటికి వెళ్లిపోవడం మంచిదా?

సమాధానం: ముందు ఆ 91 సంగతి చెబుతాను, ఎందుకంటే మీ టెన్షన్‌లో సగం దానిదే అనిపిస్తోంది. ఆక్సీమీటర్ వేలి రక్తప్రసరణను బట్టి పనిచేస్తుంది. వేళ్లు చల్లగా ఉన్నా, గోళ్లకు రంగు ఉన్నా, చెయ్యి వణుకుతున్నా తప్పు రీడింగ్ వస్తుంది. దడ వచ్చినప్పుడు చేతులు చల్లబడతాయని మీరే రాశారు. అరచేతులు రెండూ రుద్దుకుని, కూర్చుని, ఒక నిమిషం ఆగి అంకె నిలకడగా ఉన్నాక చూడాలి. అలా చూసినా మళ్లీ మళ్లీ 94 కంటే తక్కువ వస్తే, లేదా నాలుగడుగులు వేసినా ఆయాసం వస్తే, ఛాతీలో నొప్పి ఉంటే, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇవేవీ లేనప్పుడు రోజుకు పదిసార్లు వేలికి తగిలించుకోవడం వల్ల భయం పెరగడమే తప్ప ఉపయోగం లేదు.

ఉన్నట్టుండి మొదలై, కొద్ది నిమిషాల్లో తారస్థాయికి చేరి, తర్వాత దానంతటదే తగ్గిపోయే దడను పానిక్ ఎటాక్ అంటాం. మీరు రాసిన లక్షణాలు చాలావరకు దానికే సరిపోతున్నాయి. లాంగ్ కోవిడ్‌లోనూ (అంటే కరోనా తగ్గాక కూడా నెలల తరబడి లక్షణాలు మిగిలిపోవడం) గుండెదడ ఉంటుంది, కానీ అది పక్కవాళ్ల దగ్గు విని మొదలవదు. అయినా మిమ్మల్ని చూడకుండా తేల్చి చెప్పను. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఎక్కువైనా దడ వస్తుంది. ఒకసారి ఈసీజీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. కాఫీ, టీలతో రాత్రి ఒంటిగంట దాకా మేలుకుంటుంటే అది కూడా డాక్టర్‌కు చెప్పండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది వేరే విషయం. జ్వరం వస్తే ఎందుకు దాచారు? జబ్బుకు భయపడి కాదు, మళ్లీ పంపించేస్తారేమోనని. 2020 మార్చి 2న తెలంగాణలో తొలి కరోనా కేసు బయటపడింది. ఆ నెల దాటకుండానే దేశమంతా లాక్‌డౌన్. ఆ కొద్ది రోజుల్లో క్యాంపస్‌లో ఒక్కొక్కరికి ఒక్కో కష్టం. పరిశోధన చేసేవాళ్లు నెలల తరబడి పెంచుకున్న కణాలను ల్యాబ్‌లో వదిలేసి వెళ్లారు. ఊళ్లో సిగ్నల్ అందక డాబా ఎక్కి క్లాసులు విన్న పిల్లలున్నారు. ముఖాలు కనిపించని స్క్రీన్‌కు పాఠం చెప్పిన ప్రొఫెసర్లున్నారు. మెస్ మూతపడి జీతం ఆగిపోయిన వంటవాళ్ల గురించైతే ఎవరూ అడగలేదు. అమెరికాలోని టెక్సాస్‌లో 2020లో ఒక యూనివర్సిటీకి చెందిన 195 మంది విద్యార్థులను ఇంటర్వ్యూ చేస్తే 71 శాతం మంది ఒత్తిడి పెరిగిందన్నారు. తమ ఆరోగ్యంతో పాటు తమవాళ్ల ఆరోగ్యం గురించి బెంగపడినవాళ్లు అంతకంటే ఎక్కువ. మీ మేనమామ విషయంలో మీకు మిగిలిపోయిన దుఃఖం కూడా ఈ దడలో ఉందని నా నమ్మకం. దాని గురించి ఇంట్లో ఎవరితోనైనా మనసు విప్పి మాట్లాడారా?

దాచడం వల్ల జరిగే నష్టం చూడండి. మీరు జ్వరంతో ల్యాబ్‌కి వెళ్లారు. మీలాగే ఇంకెవరో డోలో వేసుకుని మెస్‌కి వచ్చి ఉంటారు. నలుగురికి అంటుకున్నది అలాగే కావచ్చు. తప్పు మీ ఒక్కరిదే అనను. జ్వరం వచ్చినవాళ్లను బయటికి పంపించబోమని హాస్టల్ వాళ్లు ముందే గట్టిగా చెప్పాలి, ఒకటి రెండు గదులు విడిగా ఉంచాలి, భోజనం గదికే పంపాలి. అప్పుడే పిల్లలు నోరు విప్పుతారు. వార్డెన్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఈ పని చేయండి. మీ ఫ్లోర్ వాళ్లంతా కలిసి వెళ్లి అడిగినా సరే, ఒక్కరే అడగడానికి జంకు ఉంటుంది.

జ్వరం ఉన్నవాళ్లు మందు వేసుకోకుండానే 24 గంటలు జ్వరం లేదనిపించేదాకా గదిలోనే ఉండాలి, తప్పనిసరై బయటికొస్తే మాస్క్ పెట్టుకోవాలి. గది కిటికీ, తలుపు తెరిచి ఉంచండి. మంచాల తలవైపులు ఎదురెదురుగా కాకుండా వేసుకోండి. ఇంకో మాట: మన సిటీలో వానాకాలంలో జ్వరం అంటే డెంగీ కూడా కావచ్చు. అందుకే పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. దాన్నైనా ఆరు గంటల ఎడం ఇచ్చి వేసుకోవాలి. వైరస్ జ్వరాలకు యాంటీబయాటిక్ పనిచేయదు, మెడికల్ షాపు అతను ఇచ్చినా సరే. మూడు రోజులైనా జ్వరం తగ్గకపోతే, కడుపునొప్పి, వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం ఉంటే అదే రోజు డాక్టర్‌ను కలవాలి.

రాత్రి దడ మొదలైనప్పుడు లేచి కూర్చోండి. ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చి, అంతకంటే నెమ్మదిగా నోటితో వదలండి. ఊపిరి గట్టిగా, వేగంగా లాగితే చేతులు తిమ్మిరెక్కి భయం ఇంకా ఎక్కువవుతుంది. ఈ సంగతి రూమ్మేట్‌కు ముందే చెప్పి ఉంచండి, ఆమె పక్కన కూర్చున్నా మీకు ధైర్యంగా ఉంటుంది.

ఇంటికి వెళ్లిపోవాలా అని అడిగారు. దడ నుంచి తప్పించుకోవడానికైతే వద్దంటాను, ఎందుకంటే తిరిగి హాస్టల్‌కు రావడం ఇంకా కష్టమవుతుంది. రెండు వారాలు ఇలా చేసి చూడండి. తగ్గకపోతే సైకియాట్రిస్ట్‌ను కలవండి, పానిక్ ఎటాక్‌లకు కౌన్సెలింగ్‌తో, అవసరమైతే మందులతో మంచి గుణం కనిపిస్తుంది. ఈలోగా రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే సేవే, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.