స్థలం అమ్మకండి, ముందు ఈఎంఐ సంగతి చూడండి

ప్రశ్న: మాది కూర్మన్నపాలెం. స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరయ్యాను. అబ్బాయి 2017లో ఎమ్మెస్‌కి అమెరికా వెళ్ళాడు. ఇల్లు తనఖా పెట్టి తీసుకున్న చదువు లోను ఇంకా 14 లక్షలుంది. నెలకు 38 వేల ఈఎంఐ వాడే పంపుతున్నాడు. ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పని చేసే అనుమతి) అయ్యాక హెచ్1బీ ఉద్యోగ వీసా లాటరీ తగల్లేదు. ఇంకో కాలేజీలో చేరి సీపీటీ (చదువుతూ పని చేసే అనుమతి) మీద ఉద్యోగం చేస్తున్నాడు. ఆరు వారాల కిందట ఆ కాలేజీవాళ్ళు సెవిస్ (అక్కడి ప్రభుత్వం దగ్గరుండే విదేశీ విద్యార్థి రికార్డు) టర్మినేట్ చేశారట. కోడలికి హెచ్1బీ ఉంది. మనవరాలు అక్కడే పుట్టింది, నాలుగేళ్ళు. టీవీలో డిపోర్టేషన్ వార్తలు చూసి మా ఆవిడకి నిద్ర లేదు. ఆనందపురంలో అబ్బాయి పేరున ఉన్న 200 గజాల స్థలం అమ్మి డబ్బు పంపేద్దామనుకుంటున్నాం. నా దగ్గర 12 లక్షల ఎఫ్‌డీ, సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో 15 లక్షలు ఉన్నాయి. మనవరాలి పేరున ఏదైనా వేద్దామా అని మా ఆవిడ అడుగుతోంది. ఏం చేయమంటారు? (పేరు వద్దు)

జవాబు: నమస్కారమండీ. మీ ఉత్తరంలో రాయని విషయం ఒకటుంది. సెవిస్ పోయాక కూడా అబ్బాయి ఉద్యోగానికి వెళ్తున్నాడా? ముందు అది కనుక్కోండి. సీపీటీ అనుమతి కాలేజీ రికార్డు మీద నిలబడి ఉంటుంది. రికార్డు పోతే ఆ అనుమతీ పోయినట్టే. స్టేటస్ పోయిన విద్యార్థి దాన్ని తిరిగి పెట్టించుకోవడానికి దరఖాస్తు చేసుకోవచ్చు కానీ మామూలుగా ఐదు నెలల లోపే చేయాలి, ఆలోగా అనుమతి లేకుండా పని చేసి ఉండకూడదు. మీకు ఆరు వారాలు గడిచాయి. అంటే దారి ఇంకా మూసుకుపోలేదు. ప్రతి నెలా వచ్చే జీతం మాత్రం దాన్ని మూసేస్తుంది.

అబ్బాయి ఎందుకు వెళ్తుంటాడో మీకూ తెలుసు. కూర్మన్నపాలెంలో ఇల్లు తనఖాలో ఉంది, ఒకటో తారీఖుకి 38 వేలు పడాలి. నా దగ్గరకు వచ్చే ఇలాంటి ఇళ్ళల్లో పిల్లలు తప్పు దారిలో ఇంకో అడుగు వేసేది చాలాసార్లు ఇక్కడి అప్పు కోసమే. కాబట్టి మొదట చేయాల్సింది డబ్బు పంపడం కాదు, వాడి మీద నుంచి ఈఎంఐ దించడం.

వడ్డీ 11 శాతం అనుకుంటే మీ లోను ఇప్పుడున్న లెక్కన నాలుగేళ్ళ లోపే తీరిపోతుంది. బ్యాంకుకి వెళ్ళి గడువు ఎనిమిదేళ్ళకు పెంచమని అడగండి. ఈఎంఐ దాదాపు 22 వేలకు దిగుతుంది. వడ్డీ ఎక్కువ కట్టాలి, నిజమే, అయినా ఇప్పుడు మీకు కావలసింది ఊపిరి. బ్రాంచ్ మేనేజర్ని ఈఎంఐ తప్పాక కాదు, ఇప్పుడే కలవండి. 90 రోజులు బాకీ పడితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, తనఖా ఉంది కాబట్టి ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకునే సర్ఫేసీ నోటీసు వరకూ వెళ్తుంది. అప్పుడు మేనేజరు మంచివాడైనా చేయగలిగింది పెద్దగా ఉండదు. ఎఫ్‌డీలోంచి ఏడాది ఈఎంఐలకు సరిపడా రెండు లక్షల అరవై నాలుగు వేలు విడిగా పెట్టి, "ఈ ఏడాది ఇంటి సంగతి నేను చూసుకుంటాను" అని అబ్బాయికి ఫోన్‌లో చెప్పండి. సీనియర్ సిటిజన్ స్కీమ్ ముట్టుకోవద్దు. అందులోంచి మూడు నెలలకోసారి వచ్చే వడ్డీ మీ ఇంటి ఖర్చుకి.

ఇక మంచి ఇమిగ్రేషన్ లాయర్. కన్సల్టెన్సీవాళ్ళు చూపించే మనిషి కాదు, కాలేజీవాళ్ళు చెప్పిన మనిషీ కాదు. 2011లో ట్రైవ్యాలీ, 2019లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీల్లో చేరి మన పిల్లలు చిక్కుకున్న సంగతి మనవాళ్ళు అంత త్వరగా మర్చిపోకూడదు. రెండోదైతే ఏకంగా వాళ్ళ ప్రభుత్వమే నడిపిన ఉత్తుత్తి యూనివర్సిటీ. అక్కడి ఇమిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వం మనకు లాయర్ని ఇవ్వదు, మన ఖర్చుతో మనమే పెట్టుకోవాలి. ఈ ఒక్క ఖర్చుకి మాత్రం ఎఫ్‌డీ విరిచినా తప్పులేదు.

ఎందుకంటే మీ ఇంట్లో ముగ్గురూ ఒకే కంచం కూడు తింటున్నా చట్టానికి మూడు రకాల మనుషులు. కోడలి హెచ్1బీ ఆమె సొంతం, భర్త స్టేటస్ పోయినంత మాత్రాన పోదు. ఆమె ఉద్యోగం పోతే మాత్రం సాధారణంగా 60 రోజుల గడువే. మనవరాలు సిటిజన్. "సిటిజన్ పిల్ల ఉంది కదా, తండ్రినేం చేస్తారు" అని మన వీధి అరుగుల మీద చెప్పే మాట నమ్మకండి. ఆ పిల్ల తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు అడగాలంటే 21 ఏళ్ళు నిండాలి. ఇంకా పదిహేడేళ్ళుంది.

అబ్బాయి తానుగా బయటకు వచ్చి, ఇక్కడ హెచ్4 వీసాకి (హెచ్1బీ ఉన్నవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చేది) వెళ్ళడం ఒక దారి. అక్రమంగా ఉన్న కాలం 180 రోజులు దాటాక దేశం వదిలితే మూడేళ్ళు, ఏడాది దాటితే పదేళ్ళు మళ్ళీ అడుగు పెట్టనివ్వరు. స్టూడెంట్ వీసా వాళ్ళకు ఆ రోజుల లెక్క ఎప్పుడు మొదలవుతుందన్నది తిరకాసు వ్యవహారం, లాయర్‌నే చెప్పనివ్వండి. హెచ్4లో కూడా కోడలికి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి ఉంటే తప్ప మామూలుగా పని చేసే అనుమతి రాదు. అది అయిందో లేదో అడగండి. హైదరాబాద్ కాన్సులేట్‌లో 2025 డిసెంబర్ నుంచి హెచ్1బీ, హెచ్4 వాళ్ళ సోషల్ మీడియా కూడా తవ్వుతున్నారు, ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదా పడ్డాయి. కాబట్టి వస్తే ఏడాది ఇక్కడే ఉండిపోతాడనుకుని, కోడలి ఒక్క జీతంతో అక్కడి అద్దె, పిల్ల డేకేర్ నడుస్తాయా అని ఆమెతో కూర్చుని లెక్క వేయండి. అది మీ అబ్బాయి మీకు చెప్పే లెక్క కాకూడదు, ఆమె చెప్పేది కావాలి. అక్కడి 401కే (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) కంగారుపడి తీసేయొద్దు. 59న్నర ఏళ్ళ లోపు తీస్తే మామూలుగా పన్ను కాక 10 శాతం జరిమానా, ఇండియాకి వచ్చేసినా ఆ డబ్బు ఎక్కడికీ పోదు.

అందరూ ఇక్కడికి వచ్చేయాల్సి వస్తే కాగితాల్లేనిది మీ మనవరాలికే. అక్కడ తండ్రి పరాయివాడు, ఇక్కడ ఆ పిల్ల పరాయిది. అమెరికా పాస్‌పోర్టుతో విశాఖ ఎయిర్‌పోర్టులో దిగాలంటే వీసా కావాలి, లేదా ఓసీఐ (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివాళ్ళకిచ్చే) కార్డు. తల్లిదండ్రులు ఇండియన్ పౌరులు కాబట్టి ఓసీఐకి అర్హత ఉంది. దానికీ ఇద్దరి సంతకాలూ, ఇద్దరి పాస్‌పోర్టులూ అడుగుతారు. ఒకరు డిటెన్షన్‌లో ఉంటే ఆ సంతకం ఎంత కష్టమో ఊహించండి. పదహారేళ్ళ లోపు పిల్లల అమెరికా పాస్‌పోర్టు ఐదేళ్ళకే అయిపోతుంది, మీ మనవరాలిది ఇప్పుడో ఇంకొన్నాళ్ళలోనో గడువు దగ్గరపడి ఉంటుంది. ఆ రెన్యూవల్‌కి కూడా ఇద్దరి అంగీకారం కావాలి. ఈ రెండు పనులూ ఈ నెలలోనే పెట్టించండి. బర్త్ సర్టిఫికెట్‌కి అక్కడే అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా వేసే ప్రభుత్వ ముద్ర) వేయించి పెట్టుకుంటే ఇక్కడి ఆఫీసుల్లో తిరగడం తగ్గుతుంది.

స్థలం ఎందుకు అమ్మొద్దన్నానంటే, అది మీ పేరున లేదు. అబ్బాయి సంతకమో పవర్ ఆఫ్ అటార్నీయో లేకుండా రిజిస్ట్రేషన్ కాదు. పైగా అమ్మేది ఎన్నారై అయితే కొనేవాళ్ళు టీడీఎస్ ఎక్కువ కోయాలి. అవసరం తెలిస్తే బేరగాళ్ళు ఎలా మాట్లాడతారో నేను చెప్పక్కర్లేదు. అమ్మకపోయినా పవర్ మాత్రం ఇప్పుడే తెప్పించండి. ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపితే, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఆ గడువు చాలామంది దాటేస్తారు.

ఒకవేళ అబ్బాయిని పట్టుకుంటే కోడలి చేతిలో ఉండాల్సినవి కొన్ని: లాయర్ నంబరు, ఏలియన్ నంబరు (ఇమిగ్రేషన్‌వాళ్ళిచ్చే ఫైలు నంబరు) ఉంటే అది (డిటెన్షన్‌లో ఎక్కడున్నాడో ఆన్‌లైన్‌లో వెతకడానికి అది తాళంచెవి), ఇద్దరి పేరునా బ్యాంకు ఖాతా, స్కూల్లో పాపని తీసుకెళ్ళడానికి తల్లి కాక ఇంకొకరి పేరు. అక్కడి ఖాతా అబ్బాయి ఒక్కడి పేరునే ఉంటే ఈ వారమే మార్పించండి. జడ్జి బాండ్ (విడుదలకు కట్టే పూచీ సొమ్ము) ఇస్తే కనీసం 1,500 డాలర్లు, తరచూ చాలా ఎక్కువే ఉంటుంది. హాజరీలు సరిగ్గా ఉంటే కేసు అయ్యాక ఆ సొమ్ము తిరిగొస్తుంది.

మీరు పంపాల్సి వస్తే బ్యాంకు ద్వారానే పంపండి. మీరు, మీ ఆవిడ విడివిడిగా పంపితే ఎవరి లెక్క వారిదే. ఒక్కొక్కరికి ఏడాదికి 10 లక్షలు దాటితే పైమొత్తం మీద 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) పడుతుంది, రిటర్న్స్‌లో తిరిగి తీసుకోవచ్చు. అర్ధరాత్రి ఫోన్ చేసి "మీవాణ్ణి పట్టుకున్నాం, విడిపించాలంటే ఈ ఖాతాలో వేయండి" అంటే పెట్టేసి కోడలికి చేయండి. పొరపాటున డబ్బు పోయుంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చేయండి.

మీ ఆవిడ గారి కోరిక. సుకన్య సమృద్ధి కుదరదు, అది ఇక్కడ ఉండే ఇండియన్ ఆడపిల్లలకే, పైగా తాతా నాయనమ్మలు తెరవలేరు. మనవరాలి పేరున మ్యూచువల్ ఫండ్ అసలే వద్దు, అమెరికా పన్ను లెక్కల్లో అది పెద్ద తలనొప్పి. మీ ఎఫ్‌డీలో అబ్బాయిని జాయింట్‌గా చేర్చాలన్న ఆలోచన ఉంటే అదీ మానుకోండి. అమెరికా బయటి ఖాతాలన్నీ కలిపి 10 వేల డాలర్లు దాటితే వాడు అక్కడ చూపించాలి, మీ 12 లక్షలు దాన్ని దాటేస్తాయి. ఆవిడ వేయాలనుకున్నది ఆవిడ పేరునే వేసి, నామినీగా మనవరాలి పేరు రాయించండి. పాప మైనర్ కాబట్టి ఆ తరఫున డబ్బు తీసుకునే పెద్దగా కోడలి పేరు పెట్టమనండి.