తిన్నాక చూసే షుగర్ గురించి వాసుకి

చిరంజీవి వాసుకి పెద్దమ్మ ఆశీస్సులు.

షుగర్ మిషన్ కొన్నావట. ఇకనుంచి పరగడుపున ఒకసారి, తిన్నాక ఒకసారి తన షుగర్ నువ్వే చూసి పుస్తకంలో రాస్తానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. దాని గొంతులో ఎంత సంతోషమో! నాకూ కళ్లు చెమర్చాయి నాన్నా. ఆ వెనకే టెన్షన్ కూడా పట్టుకుంది. అందుకే రాస్తున్నాను.

చేతులు సబ్బుతో కడిగి, తడి తుడిచాకే సూది గుచ్చు. మామిడిపండు కోసిన చేత్తో చూస్తే ఆ తీపి కూడా అంకెలో కలుస్తుంది. స్ట్రిప్స్ డబ్బా మూత వెంటనే పెట్టెయ్యి.

తిన్నాక రెండు గంటలకి చూడాలి కదా, ఆ లెక్క మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటినుంచి మొదలవుతుంది, చెయ్యి కడుక్కున్నప్పటినుంచి కాదు. మీ అమ్మ అందరికీ వడ్డిస్తూ, మధ్యలో లేస్తూ ముప్పావుగంట తింటుంది కదా, జాగ్రత్త. ఈలోపు కాఫీ తాగిందా, ఆ రోజు పరీక్ష మానెయ్యి.

మీ పెద్దనాన్న సంగతి నీకు పూర్తిగా తెలియదు. షుగర్ వచ్చిన కొత్తల్లో ఆయన చూపించుకున్న డాక్టరు కోపిష్టి. అంకె ఎక్కువుంటే నలుగురి ముందూ కసిరేవాడు. ఆ మాటలు పడలేక ఆయన ఓ దారి కనిపెట్టారు. మామూలుగా నాలుగు ఇడ్లీలు, నెయ్యి, కారప్పొడి ఉండాల్సిందే. పరీక్ష రోజు మాత్రం ఒక్క ఇడ్లీ. అది తిని రెండు గంటలూ ల్యాబు ముందు రోడ్డు మీద అటూ ఇటూ నడిచేవారు. 150, 160 వచ్చేది. ‘చూశావా, కంట్రోల్లో ఉంది’ అని రిపోర్టు నా చేతిలో పెట్టి, సాయంత్రానికి పూతరేకులు తెచ్చుకునేవారు. డాక్టరు ఆ అంకెలే చూసి మందు మార్చలేదు. ఏళ్లు గడిచాక పేపరు చదువుతుంటే అక్షరాలు మసకబారాయి. శుక్లాలేమో అనుకుని వెళ్తే, షుగర్ వల్ల కంటి లోపలి రక్తనాళాలు దెబ్బతిన్నాయన్నారు. హెచ్‌బీఏ1సీ అప్పుడు చేయించారు. రెండు మూడు నెలల సగటు చెప్పే పరీక్ష అది, ఒక్కపూట పథ్యానికి లొంగదు. 9.8 వచ్చింది. అంటే సగటున 235 దాకా ఉందన్నమాట! లేజర్ చేశారు. ఉన్న చూపు నిలిచింది, పోయింది మాత్రం తిరిగి రాలేదు.

కాబట్టి మీ అమ్మని రోజూ తినేదే, తినేంతే తిననివ్వు. మాత్ర కూడా ఎప్పటిలాగే వేసుకోనివ్వు. అప్పుడొచ్చిన అంకే నిజం. అది పెద్దదైతే ముఖం మాడ్చకురా, పోలీసులా ఆరా తియ్యకు. కసిరితే దాస్తుంది. ఆడవాళ్లు వంటింట్లో ఏదైనా దాచగలరు, నీకు తెలియనే తెలియదు.

షుగర్ లేనివాళ్లకి తిన్న రెండు గంటలకి మామూలుగా 140 లోపే ఉంటుంది. ఉన్నవాళ్లకి 180 దాటకూడదంటారు, 160 లోపు ఉండాలనే డాక్టర్లూ ఉన్నారు. వయసునీ మందులనీ బట్టి ఆ హద్దు మారుతుంది. మీ అమ్మకి ఎంతో డాక్టరునే అడిగి మొదటి పేజీలో రాసుకో. ఇంటి మిషన్ 15 శాతం దాకా అటూ ఇటూ చూపించొచ్చు, ల్యాబులో 180 అయ్యేది నీకు 205 కనపడొచ్చు. ఒక్కసారి 210 వచ్చిందని మాత్ర నువ్వే పెంచావో, ఊరుకోను! అంకె పక్కన ఏం తిన్నదో, ఎంత అన్నమో, తిన్నాక నడిచిందో లేదో రాయి. కొన్నాళ్లకి ఏ కూడు పడుతోందో, ఏది పడట్లేదో నీకే తెలుస్తుంది.

నా అసలు భయం వేరే ఉంది. మీ అమ్మ కార్తీక సోమవారాల ఉపవాసం వదలదు. కొన్ని రకాల షుగర్ మాత్రలు వేసుకుని తినకపోతే షుగర్ పడిపోతుంది. చెమటలు పట్టినా, చేతులు వణికినా వెంటనే చూడు. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకి మళ్లీ చూడు. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లు. ఉపవాసం గురించి ముందే డాక్టరుతో మాట్లాడు. శివుడికి నేను చెప్పుకుంటాను, ఆయన ఏమీ అనుకోడు.

డాక్టరుకి పుస్తకం మొత్తం చూపించు, మంచి అంకెలే కాదు. ఏడాదికోసారి కళ్లు పరీక్ష చేయించాలి. ఈ ఏడాది ఇంకా అవ్వలేదంది మీ అమ్మ. ఈ వారంలోనే తేదీ తీసుకుని నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ