పర్లాకిమిడి వెళ్తున్న మేనకోడలికి

బరంపురం

అమ్మలూ,

పన్నెండు మంది మీద నిన్ను పెద్దగా వేశారని మీ నాన్న ఫోన్ చేశాడు. సంతోషంతో ఆ పూట అన్నం సహించలేదు, రాత్రికి గుబులుతో నిద్ర పట్టలేదు. పని నీకు వచ్చు. వేళకు వెళ్లు, సెలవు అడిగితే అదే రోజు జవాబు చెప్పు, జీతాల కాగితం నీ బల్ల మీద ఆగనివ్వకు. వాటి గురించి ఇంతే. నా గుబులంతా నీ గురించి నీకు తెలియని సంగతుల మీద.

ఎవరి వీపు వాళ్లకు కనపడదు. 1955లో జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు మనిషిని నాలుగు గళ్ల కిటికీగా గీసి చూపించారు. నీకూ ఎదుటివాళ్లకూ తెలిసింది ఒక గడి, నీకు తెలిసి నువ్వు దాచుకునేది ఒకటి, ఎవరికీ తెలియనిది ఒకటి. మిగిలిన గడిలో వాళ్లకు తెలిసి నీకు తెలియనిది ఉంటుంది. పెద్ద కుర్చీ ఎక్కిన రోజు నుంచి పెరిగేది ఆ గడే. నిన్నటిదాకా మొహం మీద చెప్పినవాళ్లకు ఇవాళ సెలవు చీటీ మీద నీ సంతకం కావాలి కదా.

రాయగడలో నలుగురితో సర్వే చేయించావు, గుర్తుందా? ఆఖరి మీటింగులో "నా పద్ధతిలో ఏమైనా లోపం ఉందా?" అని అందరినీ ఒకేసారి అడిగావు. లేదన్నారు. పది రోజులకు ఆ ఒడియా పిల్ల మానేసింది. "అడిగాను కదా అత్తా, చెప్పలేదు" అని ఏడ్చావు. అడగడంలోనే తప్పు జరిగిందమ్మా. నలుగురిలో అడిగితే ఎవరూ మొదటి మాట అనరు. సాయంత్రం బస్సు వేళకు అడిగితే "లేదు" అనేసి బయటపడతారు. పైగా "నా లోపం" అని అడిగావు. అది నీ మనిషితనం మీద తీర్పు చెప్పమనడమే, ఎవరు చెబుతారు? అంతకు ముందు వారం ఒకబ్బాయి ఊళ్ల వరస బాగోలేదన్నాడట. నువ్వు అలా ఎందుకు వేశావో పది నిమిషాలు వివరించావు. నోరెత్తితే పాఠం వినాలని మిగతా ముగ్గురికీ ఆ రోజే అర్థమైపోయింది.

ఈసారి ఇలా చెయ్యి. ఒక్కొక్కరినే అడుగు, జరిగిన పని గురించే అడుగు, రెండు రోజుల్లోపే అడుగు. "నిన్నటి మీటింగులో నేను ఏ మాట దగ్గర ఆగి ఉంటే బాగుండేది?" అంటే చాలు. చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకో. "చెప్పావు, మంచిది" అని లే. ఒక రోజు గడిచేదాకా సమాధానం ఇవ్వకు, నీది రైటే అయినా సరే. రెండు వారాల్లో అందులో ఒక్కటి మార్చి, మార్చానని ఆ మనిషికి చెప్పు. అది చూశాకే రెండో మాట బయటికొస్తుంది. అలాగని రోజూ అడగకు. నీ మనసు కుదుటపరచడం కూడా వాళ్ల పనే అయిపోతుంది.

ఇంకొకటి. కోపం వస్తే నీ నోరు తెలుగులోకి వెళ్లిపోతుంది. నీకది తెలియదు, మాకు తెలుసు. ఒడియాలో మొదలైన మాట సగంలో తెలుగైతే, సవర పిల్లలూ ఒడియా వాళ్లూ తమనే తిడుతున్నావనుకుంటారు. తెలుగు వాళ్లతో తెలుగులో నవ్వినా అంతే, తమ మీదే నవ్వావనుకుంటారు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఆ పర్లాకిమిడిలోనే మాస్టారుగా ఉంటూ సవర నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. నువ్వు పుస్తకాలు రాయక్కర్లేదు. నీ నోరు ఏ భాషలోకి జారుతోందో కనిపెట్టుకుంటే చాలు.

కోపం వచ్చాక ఆపడం కష్టం, వచ్చే ముందు పట్టుకోవాలి. చిన్నప్పుడు అష్టాచెమ్మాలో ఓడిపోయే ముందు నీ చెవులు ఎర్రబడేవి, తరవాతే గవ్వలు విసిరేదానివి. మీ నాన్నదీ అదే చెవి. చెవులు వేడెక్కాయంటే మంచినీళ్లు తాగు, "పది నిమిషాలు ఆగుదాం" అను. రాత్రి రాసిన మెసేజ్ పొద్దున్న చదివి పంపు. "నేనెందుకిలా ఉన్నాను" అని తవ్వుకోకు, దానికి అంతుండదు. కోపానికి ముందు ఏం జరిగింది, ఎన్నింటికి, ఏమైనా తిన్నావా లేదా, అది రాసుకో. నెలలో నాలుగుసార్లు రాస్తే వరస నీకే కనిపిస్తుంది. మధ్యాహ్నం భోజనం మానేసిన రోజులే ఎక్కువ ఉంటాయని నా అనుమానం. అన్నం మానకు తల్లీ.

మేనేజ్‌మెంట్ మీద పుస్తకాలు రాసిన పీటర్ డ్రకర్ చెప్పిన పద్ధతి ఒకటుంది. పెద్ద నిర్ణయం తీసుకున్నప్పుడు ఏం జరుగుతుందనుకుంటున్నావో అప్పుడే రాసి పెట్టు. తొమ్మిది నుంచి పన్నెండు నెలలకు తీసి, జరిగినదానితో పోల్చు. తేదీ, నిర్ణయం, ఆశించింది, భయపడింది, నాలుగు లైన్లు చాలు. రాయకపోతే మనసు పాత ఊహను దిద్దేసి "ముందే అనుకున్నాను" అంటుంది. ఎవరిని ఏ పనిలో పెట్టావో తప్పకుండా రాయి. మనుషుల్ని అంచనా వెయ్యడంలో నీ తప్పు ఎటు మొగ్గుతుందో తేలేది అక్కడే. గలగలా మాట్లాడేవాళ్లకు నువ్వు తొందరగా పడిపోతావని నా భయం.

మీటింగులో ఎవరు ఎన్నిసార్లు మాట్లాడారో ఒకరిచేత గీతలు పెట్టించు, నీ గీతలు కూడా. నీ అభిప్రాయం చివర చెప్పు. నీ జీతంతో, నీ సంతకంతో సంబంధం లేని మనిషిని ఒకరిని చూసుకుని, నెలకోసారి ఆ నోట్‌బుక్ చూపించి మాట్లాడు. నేను పనికిరాను, నిన్ను చూస్తే నాకు తప్పులు కనపడవు.

ఆదివారం మీ నాన్నతో అప్పడాలు, ఉసిరికాయ పచ్చడి పంపుతున్నాను. పచ్చడి సీసాలు రెండున్నాయి, పెద్దది ఆఫీసుకి. అందరితో కలిసి కూర్చుని తిను. సవరలో "తిన్నావా" అని ఎలా అంటారో వాళ్లనడిగి నాకు రాయి.

మీ అత్త