గేమ్ డిజైన్ డిగ్రీ: ఫీజు కట్టేముందు అడగాల్సింది

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. బీటెక్ వద్దు, గేమ్ డిజైన్ డిగ్రీ చేస్తానని పట్టుబడుతున్నాడు. ఒక ప్రైవేటు కాలేజీ నూరు శాతం ప్లేస్‌మెంట్ అంటోంది. వీడేమో రోజంతా ఫోన్లో ఆటలే. సీఎస్ఈ మేలా, ఇది మేలా? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఫీజు సంగతి, ఫోన్ సంగతి అందరు తల్లిదండ్రులూ రాస్తారు. అబ్బాయి ఇంతవరకు ఏమైనా తయారు చేశాడా అన్నది మాత్రం ఎవరూ రాయరు. మీరూ రాయలేదు. అసలు అడిగారా? చదువు ఎగ్గొట్టడానికే ఈ దారి పట్టాడేమోనన్నది మీ భయం. దాన్ని కాలేజీ ప్రశ్నగా మార్చి నన్ను అడుగుతున్నారు. బిర్యానీ ఇష్టంగా తినేవాళ్లంతా దమ్ పెట్టలేరు, నిజమే. కానీ మీవాడికి వంటగదే చూపించకుండా తీర్పు చెప్పేస్తే ఎలా?

ఈ డిగ్రీల మీద నాకూ అనుమానాలున్నాయి. స్టూడియోల్లో ప్రోగ్రామర్లు, ఆర్టిస్టులు, టెస్టర్లే ఎక్కువ. డిజైనర్ పోస్టులు తక్కువ, అవీ ఫ్రెషర్లకు అంత తేలిగ్గా రావు. పని కూడా బ్రోచర్‌లో బొమ్మలా ఉండదు. శత్రువు నాలుగు దెబ్బలకు చావాలా, ఆరుకా అని ఎక్సెల్ షీట్లో అంకె మార్చడం, ఆడి చూడడం, మళ్లీ మార్చడం. రోజులకు రోజులు అదే. ఇక ‘గేమింగ్ బూమ్’ అని చూపించే లెక్కల్లో డబ్బు పెట్టి ఆడే యాప్‌లను కూడా కలిపేస్తుంటారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో ఆ వ్యాపారం ఆగిపోయింది, ఎంతోమంది ఉద్యోగాలు పోయాయి. విదేశాల్లోనూ అంతే, 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ గేమింగ్ విభాగంలోనే 1,900 మందిని తీసేసింది.

అలాగని టెన్షన్ పడకండి. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, బెంగళూరులో రాక్‌స్టార్, పుణెలో యూబీసాఫ్ట్ ఉన్నాయి. ఇలాంటి గేమ్ కంపెనీల్లో డిగ్రీ పేరు కంటే పోర్ట్‌ఫోలియోకే, అంటే తాను చేసి చూపించే పనులకే విలువ. లెక్కలు, కోడింగ్ ఇష్టమైతే సీఎస్ఈలో చేరి, పక్కన గేములు చేసుకోవచ్చు. గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో యూనిటీకి సీ షార్ప్, అన్‌రియల్‌కు సీ ప్లస్ ప్లస్ అనే కోడింగ్ భాషలు ఎలాగూ కావాలి. బొమ్మలు గీసే చెయ్యి అయితే బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) చూడండి. బెంగళూరు ఎన్ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) డిజిటల్ గేమ్ డిజైన్ పీజీలో ఉంది, ఇప్పుడే కంగారు అక్కర్లేదు.

ఎప్‌సెట్ (పాత ఎంసెట్) అయ్యాక రెండు నెలలు ఫోన్ పక్కన పెట్టించి, కాస్త పనిచేసే కంప్యూటర్ ఇవ్వండి. గేమ్ తయారీకి గొడో, త్రీడీ బొమ్మలకు బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్లు పూర్తిగా ఉచితం. ఒక్క లెవెల్ ఉన్న చిన్న గేమ్ చాలు. మెనూ, సౌండ్, ఓడిపోతే వచ్చే స్క్రీన్ దాకా పూర్తిచేసి, ఎవరైనా తమ గేములు పెట్టుకునే ఇచ్.ఐఓ వెబ్‌సైట్‌లో పెట్టమనండి. పది రోజులకే వదిలేస్తే లక్షలు మిగిలినట్టే. పూర్తి చేస్తే మాత్రం చుట్టాల ముందు ‘ఆటల చదువు’ అని వెటకారం చేయకండి.

ఆ తర్వాతే కాలేజీకి వెళ్లండి. డిగ్రీ ఇచ్చేది యూజీసీ గుర్తింపు ఉన్న యూనివర్సిటీయేనా, పాఠం చెప్పేవాళ్లు ఎప్పుడైనా గేమ్ రిలీజ్ చేశారా అడగండి. పోయిన బ్యాచ్ పిల్లలు చేసిన గేములు అక్కడే ఆడించి చూపించమనండి. చూపించలేకపోతే అడ్మిషన్ ఫారం వాళ్ల టేబుల్ మీదే వదిలి వచ్చేయండి.